ఆఫ్రికా అధ్యయన సదస్సు - తెలుగు శాఖ గైర్హాజరు: బద్వేలు సీమ నుంచి ఒక ఆక్షేపణ

విశ్వవిద్యాలయాల్లో ఆఫ్రికా అధ్యయనాల మీద సదస్సు జరుగుతుందంటే దాని ఆహ్వానపత్రం ఏయే శాఖలకు చేరుతుందో ముందే చెప్పవచ్చు. రాజనీతిశాస్త్రానికి చేరుతుంది, చరిత్రకు చేరుతుంది, అర్థశాస్త్రానికి చేరుతుంది, ఆంగ్లశాఖకు తప్పకుండా చేరుతుంది. తెలుగు శాఖకు సాధారణంగా చేరదు. చేరినా నోటీసు బోర్డు మీద రెండు వారాలు వేలాడి రాలిపోతుంది. పంపేవారికి తెలుగు శాఖ గుర్తుకు రాదు. అందుకున్నవారికి అది తమకోసం వచ్చిందనిపించదు. ఈ రెండు మరపులూ ఒకదానికొకటి అతికినట్లు సరిపోయాయి కనుక లోటు ఎవరి కంటికీ ఆనలేదు. లోటు ఉన్నదనీ, అందులో పెద్దపాలు తెలుగు శాఖదేననీ ఇక్కడి వాదం.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా అధ్యయన శాఖ 1955లో, అంటే బాండుంగ్ సమావేశం జరిగిన ఏడాదే, ఏర్పడింది. ముంబయి విశ్వవిద్యాలయంలో అటువంటి కేంద్రం 1971లో వచ్చింది. కొత్తగా స్వతంత్రమైన దేశాల పరస్పర అవసరాల నుంచి పుట్టిన శాస్త్రం కనుక అది దౌత్యం, వాణిజ్యం, సముద్రభద్రత, ప్రవాస భారతీయులు అనే గాడిలో ఎక్కువగా నడిచింది. దానిని తప్పుపట్టవలసిన పని లేదు. కాని భాష, సాహిత్యం, మౌఖిక సంప్రదాయం చర్చకు వచ్చే గోష్ఠుల్లో కూడా మాట్లాడేది ఆంగ్లశాఖే కావడం, భాషాసాహిత్యాలే వృత్తిగా ఉన్న తెలుగు శాఖ గడప అవతల నిలబడడం - దీనిని సహజమని ఒప్పుకోవలసిన అవసరం మాత్రం లేదు.

బద్వేలు ప్రాంతంలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెప్పే అధ్యాపకుణ్ణి ఒకరిని ఊహించవచ్చు. అతడు సాయంత్రం బస్సెక్కి మైదుకూరు, నంద్యాల, కర్నూలు మీదుగా తెల్లవారుజామున హైదరాబాదు చేరి ఆఫ్రికా సదస్సులో కూర్చుంటే పక్కవారు అడిగే మొదటి ప్రశ్న 'ఇక్కడ మీకేం పని సార్?' అని. ప్రశ్నలో వెటకారం ఉండనక్కరలేదు. నిజమైన ఆశ్చర్యమే కావచ్చు. దానికి అతడు చెప్పగల తొలి జవాబు రాత్రి తాను తిని వచ్చిన సంగటిలో ఉంది. రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తైన నేలల్లో సాగులోకి వచ్చిన ధాన్యం. జొన్న సూడాన్ ప్రాంతపు పైరు. సజ్జ సహారా దక్షిణపు అంచున మచ్చికైంది. అలసంద కూడా ఆ ఖండానిదే. ఇవన్నీ వేల ఏళ్ల కిందటే సముద్రం దాటి వచ్చి దక్కను మెట్ట పొలాల్లో స్థిరపడ్డాయి. కరువు సీమ అన్నం పెట్టిందని చెప్పుకొనే పంటలు ఇవే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటి ఈ పంటల చుట్టూ జిల్లా జిల్లాలో అల్లుకొన్న పదజాలాన్ని మూటగట్టింది. బయటి నుంచి వచ్చిన గింజను ఒక భాష ఎలా తనదిగా చేసుకొంటుంది, దాని కంకికీ, పొట్టుకూ, కల్లానికీ, కొలతకూ మాటలు ఎక్కడి నుంచి తెచ్చుకొంటుంది అనేది ఆఫ్రికా అధ్యయన సదస్సులో చదవదగిన పత్రం. ఆ పత్రం రాయగలవారు దౌత్యశాస్త్రజ్ఞులు కారు.

సదస్సుల స్వరూపం మీద కూడా ఒక మాట అవసరం. ప్రకటన ఆంగ్లంలో, పత్రసంక్షేపం ఆంగ్లంలో, చర్చ ఆంగ్లంలో. తెలుగులో పత్రం చదువుతామంటే నిర్వాహకులు మర్యాదగా నవ్వుతారు. ఆఫ్రికా సాహిత్యచరిత్ర తెలిసినవారికి ఈ దృశ్యం పాతదే. 1962 జూన్‌లో కంపాలాలోని మకెరెరే కళాశాలలో ఆఫ్రికా రచయితల సదస్సు జరిగింది. దాని పేరులోనే ఆంగ్లంలో రాసేవారి సదస్సు అని ఉంది. స్వాహిలీ మహాకవి షాబాన్ రాబర్ట్‌కు గాని, యొరుబా నవలాకారుడు ఫగున్వాకు గాని అందులో చోటు లేదు. చిన్న కథలు రెండు మూడు ఆంగ్లంలో అచ్చువేసిన విద్యార్థికి చోటు దొరికింది. ఆ విద్యార్థి గూగీ వా థియాంగో. తర్వాతి కాలంలో ఈ వైపరీత్యాన్ని ఎత్తి చూపినవాడు కూడా అతడే. అంతకంటె ముందు, 1963లోనే, నైజీరియా విమర్శకుడు ఒబి వాలి 'ట్రాన్సిషన్' పత్రికలో ఈ దారి ఎక్కడికీ చేరదని తెగేసి రాశాడు. అప్పటి పెద్దలకు కోపం వచ్చింది. అరవై ఏళ్లు గడిచాక తెలుగు నేల మీద, ఆఫ్రికా పేరిట, మకెరెరే సదస్సు మళ్లీ మళ్లీ జరుగుతున్నది. సోమాలియా నుంచి వచ్చిన ప్రతినిధి, రాయలసీమ నుంచి వచ్చిన అధ్యాపకుడు ఒకరి భాష ఒకరికి తెలియనట్లే, తమ తమ భాషలు ఉన్నాయన్న సంగతి కూడా దాచుకొని మూడో భాషలో కుశలప్రశ్నలు వేసుకొంటారు.

జ్ఞానం పనిచేసిన చేతుల భాషలో నమోదు కావడం ఎప్పుడూ అరుదే. బద్వేలు పక్కన పోరుమామిళ్ల చెరువు శాసనం దానికి సాక్ష్యం. శక సంవత్సరం 1291, అంటే సా.శ. 1369 నాటి ఆ శాసనం చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఆరు దోషాలను వివరిస్తుంది. రోజుకు వేయిమంది కూలీలు రెండేళ్లు పనిచేశారని చెబుతుంది. చెప్పేది సంస్కృతంలో. ఆ వేయిమంది కట్ట మీద మన్ను పోస్తూ వాడిన మాటలు అందులో లేవు. తెలుగు శాఖ ఈ సంగతి ఎరిగినదే. అందుకే ఆంగ్లసదస్సు ముందు నొచ్చుకోవడానికి దానికి హక్కు ఉంది. నొచ్చుకొని ఇంట్లో కూర్చోవడానికి లేదు.

తెలుగు శాఖ సమాధానం తరచు ఒకటే: ఆఫ్రికా సాహిత్యం ఆంగ్లశాఖ పాఠ్యాంశం. ఈ మాట ఎంత విడ్డూరమైనదో తెలియాలంటే నైరోబీ సంగతి గుర్తుచేసుకోవాలి. 1968 అక్టోబరు 24న నైరోబీ విశ్వవిద్యాలయ కళాశాలలో గూగీ, హెన్రీ ఒవూర్-అన్యుంబా, తబాన్ లో లియోంగ్ అనే ముగ్గురు అధ్యాపకులు ఒక పత్రం రాసి అధికారులకు ఇచ్చారు. ఆంగ్లశాఖను రద్దు చేసి, దాని స్థానంలో ఆఫ్రికా భాషాసాహిత్యాల శాఖ పెట్టాలన్నది వారి కోరిక. తూర్పు ఆఫ్రికా సాహిత్యాన్ని కేంద్రంలో ఉంచి, అక్కడి నుంచి వలయాలుగా మిగతా ఖండానికి, ఆసియాకు, లాటిన్ అమెరికాకు, యూరపుకు చూపు సాగాలి. మౌఖిక సాహిత్యం పాఠ్యప్రణాళికకు వెన్నెముక కావాలి. ఇది ఆ వాదం సారం. ఈ ప్రపంచంలో అటువంటి శాఖ ఎక్కడైనా ముందే ఉందా అని ఆ ముగ్గురూ వెతికి ఉంటే తెలుగు శాఖ కనపడి ఉండేది. తన భాషను కేంద్రంలో పెట్టుకొన్న శాఖ. ఆ భాషలోనే సిద్ధాంతగ్రంథాలు రాయించే శాఖ. బిరుదురాజు రామరాజు కాలం నుంచి జానపద సాహిత్యాన్ని పరిశోధనాంశంగా గౌరవించిన శాఖ. నైరోబీ కలగన్నదానిలో సగం ఇక్కడ పోరాటం లేకుండానే ఉంది.

మిగిలిన సగమే లేదు. కేంద్రం ఉంది, వలయాలు లేవు. ఎం.ఏ. తెలుగు ప్రణాళికల్లో సాధారణంగా కనిపించే ప్రపంచం రెండు ముక్కలు: ఒకటి భరతుడి నుంచి జగన్నాథ పండితరాయల దాకా, రెండోది అరిస్టాటిల్ నుంచి కోల్‌రిడ్జ్, ఇలియట్ దాకా. 'పాశ్చాత్య సాహిత్య విమర్శ' అన్న ప్రశ్నపత్రం ఉంటుంది. ఆఫ్రికా, అరబ్బు, చైనా విమర్శ అన్నది ఊహకే రాదు. ఆంగ్లం ఆధిపత్యం మీద ఉపన్యాసమిచ్చే శాఖ ఆంగ్లం గీసిన పటాన్నే గోడకు తగిలించుకొంది. ఎద్దును అమ్మి పగ్గం దాచుకొన్నట్లు.

ఈ మూసిన కిటికీ వల్ల పోయినది ఏమిటో ఒక ఉదాహరణతో చూపవచ్చు. బద్వేలుకు దగ్గరలోనే బ్రహ్మంగారిమఠం ఉంది. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశాడనీ, కందిమల్లాయపల్లెలో జీవసమాధి పొందాడనీ సంప్రదాయం చెప్పే పోతులూరి వీరబ్రహ్మం మీద తెలుగులో పరిశోధన తక్కువేమీ కాదు. వేమనతో పోలిక, కబీరుతో పోలిక, దూదేకుల సిద్ధయ్య శిష్యత్వంలోని కులమత ధిక్కారం, తత్త్వాల ఛందస్సు - ఇవన్నీ వచ్చాయి. కాలజ్ఞానం దగ్గరకు వచ్చేసరికి మాత్రం పరిశోధన ఒకే ప్రశ్న దగ్గర కూలబడుతుంది: ఇందులో స్వామి చెప్పినదెంత, తర్వాత చేర్చినదెంత? రైలు ప్రస్తావన ఉంటే అది రైలు వచ్చాక చేర్చినది, కనుక ప్రక్షిప్తం, కనుక వదలవచ్చు. భక్తుడు దానినే మహిమకు రుజువు అంటాడు. ఇద్దరి చేతుల్లోనూ పాఠం నలుగుతుంది.

కెన్యాలో గికుయు జనులకు ముగో వా కిబిరో అనే ద్రష్ట ఉన్నాడు. పెద్ద నీళ్ల వైపు నుంచి పాలిపోయిన చర్మం గలవారు వస్తారనీ, వారి బట్టలు సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటాయనీ, నిప్పు కక్కే కర్రలు తెస్తారనీ, ఒక ఇనుప పాము తూర్పు నీటి నుంచి పడమటి నీటి దాకా పాకుతుందనీ అతడు చెప్పినట్లు పరంపర. జోమో కెన్యాట్టా 1938లో ప్రచురించిన తన జాతిశాస్త్ర గ్రంథంలో దీనిని నమోదు చేశాడు. 1896లో మొంబాసాలో మొదలైన రైలుమార్గం 1901లో విక్టోరియా సరస్సును చేరింది. గూగీ 1965 నాటి తన నవల 'ది రివర్ బిట్వీన్'లో ఈ జోస్యాన్ని కథకు ఇరుసు చేసుకొన్నాడు. అక్కడి విమర్శకులు ఇది ముందు చెప్పినదా, తర్వాత చేర్చినదా అన్నచోట ఆగిపోలేదు. భూమి పోగొట్టుకొన్న జనం ఆ పోగొట్టుకోవడాన్ని ముందే తెలిసిన సంగతిగా ఎందుకు చెప్పుకొన్నారు? వచ్చినవాడు ఎంత బలవంతుడైనా తమ పెద్దల మాటలో ఒక పాత్రే అనుకోవడం వల్ల వారికి దొరికిన ధైర్యం ఏమిటి? అడగవలసినవి ఇవి. 1905లో జర్మన్ తూర్పు ఆఫ్రికాలో కింజికితిలే అనే ద్రష్ట తూటాలను నీళ్లుగా మార్చే మంత్రజలం ఇచ్చాడన్న నమ్మకం మీద మాజీ మాజీ తిరుగుబాటు లేచింది. 1907 దాకా సాగింది. జోస్యం అక్కడ సాహిత్యప్రక్రియ మాత్రమే కాదు, రాజకీయ కార్యం.

ఈ ప్రశ్నలు కాలజ్ఞానానికి వేస్తే ప్రక్షిప్తమని పారేసిన పంక్తులే విలువైన సాక్ష్యాలవుతాయి. ఏ దశకంలో ఏ భయం కాలజ్ఞానంలోకి ఎక్కింది? మఠం దగ్గర అమ్మే చిన్న పుస్తకాల ముద్రణలు ఒకదానికొకటి ఎక్కడ తేడాపడ్డాయి? ఏ ఉపద్రవం వచ్చినా 'బ్రహ్మంగారు ముందే చెప్పినారు' అనే సీమ నానుడి ఓదార్పా, లొంగుబాటా, వ్యంగ్యమా? యాన్ వాన్సినా 1961లో మౌఖిక సంప్రదాయాన్ని చరిత్రాధారంగా ఎలా వాడాలో ఆఫ్రికా అనుభవం నుంచి సూత్రీకరించాడు. చెప్పేవాడి వర్తమానం చెప్పే గతంలోకి ఎలా దూరుతుందో చూపాడు. అరవై ఏళ్లుగా అందుబాటులో ఉన్న ఈ పరికరాన్ని వాడకపోవడానికి నిధుల కొరత కారణం కాదు.

వీరగాథల విషయమూ ఇంతే. 1970లో రూత్ ఫినెగన్ ఆఫ్రికా మౌఖిక సాహిత్యం మీద రాసిన పెద్ద గ్రంథంలో ఆ ఖండంలో ఇతిహాసం అనదగినది దాదాపు లేదన్నది. 1979లో నైజీరియా విద్వాంసుడు ఇసిడోర్ ఒక్‌పెవో దానికి పుస్తకమంత సమాధానం రాశాడు. కొలబద్ద గ్రీకుది కనుక ఆఫ్రికా ఇతిహాసం కొలతకు అందలేదన్నది సారాంశం. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాటను సేకరించే పరిశోధకుడికి ఈ వివాదం తెలియాలి. తెలియకపోతే పాటకు ప్రబంధలక్షణాలు అతికించి, అతకనిచోట జానపదుని అమాయకత్వమని క్షమించి వదిలేస్తాడు.

ఆఫ్రికాను తెలుగులోకి ఎవరు తెచ్చారన్నది శాఖకు ఇంకా ఇబ్బందికరమైన ప్రశ్న. అలెక్స్ హేలీ 'రూట్స్'ను 'ఏడు తరాలు'గా ఇంటింటికీ చేర్చినవాడు సహవాసి. అచ్చువేసినది హైదరాబాద్ బుక్ ట్రస్ట్. గూగీ జైలు దినచర్యను 'బందీ'గా, గికుయు నవలను 'మట్టికాళ్ల మహారాక్షసి'గా అనువదించినవాడు వరవరరావు. ఆ పని జరిగింది జైలులో. 1977 డిసెంబరు 31న అరెస్టయి, కమితి జైలులో మరుగుదొడ్డి కాగితం మీద ఆ నవల రాసిన గూగీకి మరో ఖైదీ అనువాదకుడు కావడంలో ఔచిత్యం ఉంది. రాజకీయాలు ఎవరికి నచ్చినా నచ్చకపోయినా ఈ అనువాదాలు తెలుగు వచనానికి కొత్త కండనిచ్చాయి. ఆ పని చేసినవారు ఉద్యమకారులు, చిన్న ప్రచురణకర్తలు. అనువాదశాస్త్రం పాఠంగా చెప్పే శాఖల పాత్ర చాలా చిన్నది.

తెచ్చిన తర్వాత ఏం జరిగిందన్నది కూడా మెచ్చుకోదగిన కథ కాదు. 'ఏడు తరాలు' అమెరికా నల్లవారి వంశకథ. దానిని, గూగీని, చినువా అచెబెను, సెంఘోర్ కవిత్వాన్ని ఒకే గంపలో వేసి 'నల్లజాతి సాహిత్యం' అని పేరుపెట్టి, దాని పక్కన దళిత కవిత్వాన్ని నిలబెట్టి, ఉభయుల వేదన ఒకటేనని తేల్చే పత్రాలు తెలుగు సదస్సుల్లో విరివిగా వినపడుతాయి. వేదన ఒకటే అనడం సానుభూతి కావచ్చు, పరిశోధన మాత్రం కాదు. బానిసవ్యాపారంలో భాషను పోగొట్టుకొని ఆంగ్లాన్నే సొంతం చేసుకొన్నవారి సాహిత్యం వేరు; సొంత భాష, సొంత ఊరు ఉండగా పాలకుల భాషలో రాయవలసివచ్చినవారి సాహిత్యం వేరు. తెలుగు దళిత కవి భాష పోగొట్టుకోలేదు. అతడి భాషనే అగ్రకులాలు భాష కాదన్నాయి. ఈ మూడు స్థితుల మధ్య తేడా పట్టించుకోకుండా చర్మం రంగును ప్రమాణం చేసుకోవడం వలసపాలకుని వర్గీకరణను తలకెత్తుకోవడమే. ఆఫ్రికాను 'చీకటి ఖండం' అనడం మానేసినా చూసే కన్ను మారలేదన్నమాట. పేరు ఎవరు పెడతారన్నది ఎంత పెద్ద సంగతో ఈ సీమకు తెలియకపోలేదు. 'దత్త మండలాలు' అన్న పిలుపును కాదని 1928లో నంద్యాల సభలో 'రాయలసీమ' అన్న పేరు తెచ్చుకొన్న ప్రాంతమిది. 'గోల్డ్ కోస్ట్' 1957లో ఘనా అయింది. ఈ రెండు నామకరణాలనూ ఒకచోట పెట్టి చూసే పాఠం బద్వేలు తరగతిగదిలోనే మొదలు కావచ్చు.

ఇంతవరకు చెప్పినది శాఖ పోగొట్టుకొన్న పరిశోధన గురించి. విద్యార్థి పోగొట్టుకొంటున్నది ఇంకా బరువైనది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఆంగ్ల మాధ్యమంలోనే నడపాలని నిర్ణయం జరిగింది. అంతకుముందు 2019లో పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమాన్ని తప్పనిసరి చేసే ఉత్తర్వు వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసింది. పొలం నుంచి తరగతిగదికి వచ్చిన మెట్ట ప్రాంతపు పిల్లవాడికి ఇది సిద్ధాంతచర్చ కాదు, రేపటి పరీక్ష. ఈ సందర్భంలో తెలుగు శాఖలు చేసిన వాదం చాలావరకు తల్లిపాలు, అమ్మభాష, తేనెలూరే తెలుగు అనే ఉపమానాల చుట్టూ తిరిగింది. ఎదుటిపక్షం అడిగిన ప్రశ్న వేరు. పెద్దకులాల పిల్లలు ఆంగ్లంలో చదువుకొని పైకి వెళ్లాక, పేద పిల్లలకే తల్లిభాష ఎందుకు? కంచ ఐలయ్య వంటివారు పదేపదే అడిగిన ఈ ప్రశ్నకు పద్యం సమాధానం కాదు.

సమాధానానికి కావలసిన సామగ్రి అంతా ఆఫ్రికా చర్చలో ఉంది, రెండు పక్షాలకూ. 1952లో కెన్యాలో అత్యవసర స్థితి ప్రకటించాక బడుల్లో గికుయు మాట్లాడిన పిల్లలకు బెత్తం దెబ్బలు, మెడలో గాడిదనని రాసిన పలక పడ్డాయని గూగీ రాశాడు. ఇది తెలుగు పక్షానికి నచ్చే సాక్ష్యం. దక్షిణాఫ్రికాలో జరిగింది అంత నచ్చదు. అక్కడ 1953 బంటూ విద్యాచట్టం నల్లపిల్లలకు ప్రాథమిక విద్య అంతా తల్లిభాషలోనే జరగాలన్నది. తల్లిభాష మీద ప్రేమతో కాదు. ఆ పిల్లలను కూలిపనికి మించి పైకి రానివ్వకూడదని. 1976 జూన్ 16న సొవెటో విద్యార్థులు తూటాలకు ఎదురు నడిచింది ఆఫ్రికాన్స్ మాధ్యమాన్ని రుద్దినందుకు. తల్లిభాషా బోధన కూడా సంకెల కాగలదని చరిత్ర చూపిన సందర్భమది. దీనిని ఎదుర్కొనకుండా తెలుగు మాధ్యమాన్ని సమర్థించడం బలహీనమైన సమర్థన. ఎదుర్కొంటే వాదం పదునెక్కుతుంది: పిల్లవాడికి ఏ భాషలో చదువు అన్నదొక్కటే ప్రశ్న కాదు, ఆ భాష ఏ తలుపులు తెరుస్తుంది, తెరిచే అధికారం ఎవరి చేతిలో ఉంది అన్నది కూడా. తల్లిభాషను ప్రాథమిక తరగతులకు పరిమితం చేసి ఉన్నత విద్యను, న్యాయస్థానాన్ని, శాస్త్రాన్ని ఆంగ్లానికి వదిలేస్తే ఆ తల్లిభాష బంటూ విద్య పని చేస్తుంది. తెలుగు పైమెట్టు దాకా వెళ్తేనే ఐలయ్య ప్రశ్నకు జవాబు. దారెస్సలాం విశ్వవిద్యాలయంలో స్వాహిలీ శాఖ 1970 నుంచి స్వాహిలీలోనే పాఠం చెబుతున్నది. ఒక భాషాశాఖ ఆ పని చేయగలిగితే చరిత్ర, న్యాయ, విజ్ఞాన శాఖలు ఎందుకు చేయలేకపోయాయన్న వివాదం టాంజానియాలో దశాబ్దాలుగా నడుస్తున్నది. తెలుగు అధికారభాషా ప్రయోగాల వైఫల్యం చదివినవారికి అందులో ప్రతి మలుపూ తెలిసిన దారిలాగే తోస్తుంది.

'ఆ భాషలు మాకు రావు' అన్నది మిగిలిన అభ్యంతరం. నిజమే. ఆ సదస్సుల్లో ఆంగ్లంలో పత్రాలు చదివేవారిలో అత్యధికులకూ రావు. రష్యన్ తెలుగువారికి పుట్టుకతో వచ్చిన భాష కాదు. ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో కూర్చుని నేర్చి అనువదించారు, ఎందుకంటే జీతమిచ్చే సంస్థ ఒకటి ఉంది. స్వాహిలీ ఢిల్లీ విశ్వవిద్యాలయంలోనే నేర్పే భాష. ఏటా ఒక పరిశోధక విద్యార్థిని అక్కడికి పంపడానికి అయ్యే ఖర్చు, ఒక జాతీయ సదస్సులో శాలువలకు, జ్ఞాపికలకు అయ్యే ఖర్చుతో పోల్చి చూసుకోవచ్చు. 2010 నాటి యు.జి.సి. నిబంధనలు సదస్సు పత్రాలకు మార్కులు కట్టినప్పటి నుంచి పత్రాలకు కొరత రాలేదు. వచ్చిన కొరత వేరు.

చివరగా, తెలుగు శాఖ తప్ప మరొకరు చేయలేని పని ఒకటి ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 దాకా 1,52,000 మందికి పైగా ఒప్పంద కూలీలు నేటాల్ చెరకుతోటలకు వెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి వెళ్లినవారే. వారిలో తెలుగువారు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకొన్నారు. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగం ఆరో విభాగంలో గౌరవించవలసిన భాషల వరుసలో తెలుగు పేరు ఉంది - అక్షరం తప్పి, 'తెలెగు' అని. ఒక రాజ్యాంగంలో తన పేరు తప్పుగా అచ్చయి ఉండగా దాని గురించి మాట్లాడడం రాజనీతిశాస్త్ర శాఖ బాధ్యత అనుకోవడం విచిత్రం. డర్బన్‌లో వారిజాక్షి ప్రభాకరన్ అక్కడి తెలుగు భాషాసంస్కృతుల మీద ఆంగ్లంలో పరిశోధన చేశారు. ఆ పరిశోధనకు తెలుగు నేల వైపు నుంచి జోడు కావాలి.

ఆ జోడు ఓడల పట్టికల్లో ఉంది. ప్రతి కూలీకి ఒక సంఖ్య. పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. చెప్పినవారు తెలుగులోనో తమిళంలోనో చెప్పారు. రాసుకొన్న గుమాస్తా చెవికి ఆనినట్లు ఆంగ్లంలో రాసుకొన్నాడు. ఆ ఊళ్లలో చాలావాటి పేర్లు పోలిక పట్టలేనంతగా విరిగాయి. మునిమనవలు డర్బన్ నుంచి వచ్చి పటంలో వెతికితే దొరకవు. చరిత్ర శాఖవారు వాటిని సంఖ్యలుగా లెక్కించగలరు, విప్పలేరు. విప్పడానికి నామశాస్త్రం కావాలి: పల్లె, పాడు, కుంట, గొంది, గుట్ట అనే ఊరి పేరు చివర ఏ మాండలికంలో ఎలా పలుకుతుందో, ఏ హల్లు ఎక్కడ జారుతుందో తెలియాలి. ఆ శాస్త్రం తెలుగు శాఖలో ఉంది. కడప జిల్లా ఊళ్ల పేర్ల మీదనే కేతు విశ్వనాథరెడ్డి సిద్ధాంతగ్రంథం రాశారు. కథకుడిగా ఆయనను చదివినంతమంది ఆ గ్రంథాన్ని చదవలేదు.

1866లో ఆగిన ఈ వలస 1874లో మళ్లీ మొదలైంది. 1876 నుంచి 1878 దాకా కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను ధాత కరువు ఊడ్చేసింది. కరువు కథల మీద సిద్ధాంతగ్రంథాలు రాయించే శాఖ ఆ మూడేళ్ల ఓడల పట్టికలను ముందు పెట్టుకొని, ఈ సీమ ఊళ్ల పేర్లు వాటిలో ఎక్కడెక్కడ, ఏ వేషంలో ఉన్నాయో వెతకాలి. బద్వేలులో బస్సెక్కే అధ్యాపకుని సంచిలో ఆ పట్టికల నకళ్లు, ఊళ్ల పేర్ల పుస్తకం ఉంటే చాలు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవగలవాడు ఆ సదస్సు గదిలో అతడొక్కడే.